ఏడు చుక్కలు, అరగంట

ఆ వేసవిలో నీళ్ళ పని అక్కది, వంట పని నాది, గుడారం మొయ్యడం చెరొక రోజు. బయల్దేరే ముందు వంటింటి బల్ల మీద సామానంతా పరిచి అలా పంచుకున్నాం. కొండల మీదుగా తొమ్మిది వందల కిలోమీటర్ల కాలిబాట. డెబ్భై రోజులు పడుతుందని లెక్క వేశాం. అక్కకి అప్పటికి యాభై నిండాయి. ఆసుపత్రిలో నర్సుగా ఇరవై ఆరేళ్ళు చేసి, మొదటిసారి అన్ని రోజుల సెలవు ఒక్కసారిగా పెట్టింది. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే మేడ మీద గదిలో ఉండేది. నేను తనకంటే ఎనిమిదేళ్ళు చిన్న. బేకరీలో పిండి కలిపే పని నాది. వేసవిలో అమ్మకాలు పల్చబడతాయి కనుక యజమాని సెలవిచ్చాడు. తిరిగొచ్చాక నా బల్ల నాదేనని మాట కూడా ఇచ్చాడు.

నీళ్ళ గురించి అక్క చెప్పింది నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అయోడిన్ బిళ్ళలు చవక, బరువు కూడా ఉండవు, కానీ నేను థైరాయిడ్ మాత్రలు వేసుకుంటాను కనుక అవి వద్దంది. బ్లీచు రెండు చుక్కలు వేసుకుని నడిచేవాళ్ళూ ఉన్నారు, చాలా క్రిములు దానికి చస్తాయి గానీ కొన్ని మొండి ఘటాలు లొంగవంది. క్లోరిన్ డయాక్సైడ్ బిళ్ళలు వాటిని కూడా చంపుతాయి, అయితే నాలుగు గంటలు ఆగాలి. అన్నీ చూసి, అదే మందు చుక్కల రూపంలో దొరికేది ఎంచుకుంది. అవి రెండు సీసాలు. ఒక్కోదాన్నుంచి ఏడేసి చుక్కలు చిన్న మూతలో కలిపి ఐదు నిమిషాలు ఆగితే పసుప్పచ్చగా తిరుగుతుంది. అప్పుడు లీటరు నీళ్ళలో పోసి అరగంట ఆగాలి. నీళ్ళు మరీ చల్లగా ఉన్నా, మడ్డిగా ఉన్నా ఇంకాసేపు.

"రెండు సీసాలూ ఉంటేనే మందు. ఒకటి లేకపోతే రెండోది ఉన్నా లేనట్టే" అంది.

మా ఆయన బస్సు డ్రైవరు. ఇంత తతంగం పెట్టుకుని తాగే బదులు ఇంట్లో కుళాయి తిప్పుకుంటే పోలేదా అని నవ్వాడు. ఆయన నవ్వుతూనే మమ్మల్ని కాలిబాట మొదట్లో దింపి వెళ్ళాడు.

మొదటి నెల అంత బాగా మేం ఎప్పుడూ కలిసి బతకలేదు. పొద్దున్నే లేవడం, గుడారం దులపడం, మధ్యాహ్నానికి ఏదో ఒక వాగు దగ్గరికి చేరడం. అక్క రాయి మీద కూర్చుని మూతలో చుక్కలు పైకే లెక్కపెట్టేది. చేతి గడియారం చూసుకుని, అరగంట కాకముందు నేను సీసా ముట్టుకుంటే వేళ్ళ మీద కొట్టేది. ఆ నీళ్ళు ఈతకొలనులో మునిగి నోరు తెరిచినట్టు ఉండేవి. నేను రోజూ సణిగేదాన్ని. ప్రాణం కంటే రుచి ఎక్కువా అనేది అక్క.

ఇరవై తొమ్మిదో రోజున ఒక ఏరు దాటాం. మోకాళ్ళ పైదాకా నీళ్ళు, కింద నాచు పట్టిన రాళ్ళు. అక్క కాలు జారి ఒక పక్కకి ఒరిగింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. మనిషికి ఏం కాలేదు గానీ సంచీ ఒక వైపు తడిసి ముద్దయింది. అవతలి గట్టున సామాను ఆరబెట్టుకుంటూ ఏమైనా పోయిందా అని అడిగాను.

"సబ్బు కొట్టుకుపోయింది. అంతే" అంది.

మేం సరుకులు కొనుక్కున్న దుకాణం రెండు రోజుల వెనక ఉంది. ముందున్నది తొమ్మిది రోజుల దూరంలో.

ఆ సాయంత్రం నుంచి అక్క నీళ్ళు కలపడానికి బండ చాటుకి వెళ్ళేది. గాలికి చుక్కలు చెదిరిపోతున్నాయట. మర్నాడు నీళ్ళు తాగి, ఈ రోజు మందు వాసనే లేదే అన్నాను. నాలుక అలవాటు పడిపోయిందంది. నిజమే కాబోలనుకున్నాను. ఎంత చల్లగా, ఎంత తియ్యగా ఉండేవో ఆ నీళ్ళు. వాగు చూసినప్పుడల్లా మరో సీసా అడిగి తాగేదాన్ని. తను మాత్రం కడుపులో చల్లటిది పడటం లేదని టీ కాచుకునేది. చిన్న గ్యాసు డబ్బా, దాన్ని పొదుపుగా వాడుకోవాలి కనుక తన ఒక్కదానికే, రోజుకి నాలుగుసార్లు. అంత టీ తాగితే నిద్రెలా పడుతుందని వేళాకోళం కూడా చేశాను.

ఆ రోజుల్లోనే మాకు పొడుగాయన తోడయ్యాడు. భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తలుపుల్లోంచి వంగి వచ్చేవాడు కనుక బాటంతా ఆయనకి అదే పేరు. మాతో మూడు రోజులు నడిచాడు. ఆయన బిళ్ళలు వేసే రకం. పొద్దున సీసాలో వేసి, నాలుగు గంటలు సంచీకి వేలాడదీసుకుని నడిచి, మధ్యాహ్నం తాగేవాడు. తర్వాత పెద్ద అడుగులు వేసుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు.

ముప్పై ఎనిమిదో రోజున దుకాణం వచ్చింది. అక్క మందు కొత్తది కొంది. నీళ్ళలో మళ్ళీ ఈతకొలను రుచి వచ్చింది. అదేమిటంటే కొత్త సరుకు, ఘాటు ఎక్కువంది.

నలభై ఒకటో రోజున నాకు తేన్పులు మొదలయ్యాయి, మురిగిన గుడ్డు వాసనతో. తర్వాత కడుపుబ్బరం, తర్వాత విరేచనాలు. నాలుగు రోజులు అలాగే నడిచాను. ఐదో రోజున బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగి మళ్ళీ లేవలేకపోయాను. అక్క నా సంచీ కూడా తనే మోసుకుని, నన్ను భుజానికి ఆనించుకుని, సగం రోజు కిందికి నడిపించి రోడ్డు మీదికి తెచ్చింది. లారీ ఒకటి ఆపి చిన్న క్లినిక్కులో చేర్చింది. ఆ సగం రోజు తను పడ్డ కష్టం నేను ఎన్నటికీ కాదనలేను. ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది కూడా అదే.

క్లినిక్కులో డాక్టరు కుర్రాడు. కొండ మీద నీళ్ళు ఎలా తాగారని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అక్క చెప్పింది.

"ప్రతి లీటరుకీ మందు వేశాం. ఏడు చుక్కలు, అరగంట. నేను నర్సుని."

అయితే నీళ్ళ వల్ల కాదన్నమాట అని ఆయన కలం మూశాడు. తిండి వల్లనో, చేతుల వల్లనో అయ్యుంటుందన్నాడు. చేతులు కడుక్కోమని చెబుతూనే ఉన్నానండీ అంది అక్క. నాకు కలం పట్టుకునే ఓపిక లేకపోతే వివరాల కాగితం తనే నింపి, కింద సంతకం చేసింది. గుండ్రటి చేతిరాత, చార్టులు రాసి రాసి అలవాటైన చెయ్యి. డాక్టరు నొప్పికి మాత్ర, కలుపుకుని తాగడానికి ఉప్పు పొట్లాలు ఇచ్చాడు.

మర్నాడు మా ఆయన వచ్చాడు. అక్క నా మంచం అంచున కూర్చుంది. మాట మొదలుపెట్టడానికి తను ఇబ్బంది పడుతుంటే నేనే అందుకున్నాను. నువ్వు నడువు, ఇంత దూరం వచ్చి ఆగిపోకు అన్నాను. నేను నడిస్తే ఇద్దరం నడిచినట్టే అంది. నా చేతుల శుభ్రం లేకే ఇదంతా పాడైంది, క్షమించు అక్కా అన్నాను.

తను నా నుదుటి మీద చెయ్యి వేసి, "సరేలే" అంది.

ఇంటికొచ్చాక ఇంకా పదకొండు రోజులు అదే అవస్థ. మా డాక్టరు క్లినిక్కు కాగితం చదివి అదే వైద్యం కొనసాగించాడు. చివరికి నా బరువు తొమ్మిది కిలోలు తగ్గాక అనుమానం వచ్చి ప్రత్యేకంగా పరీక్ష చేయించాడు. వాగు నీళ్ళలో ఉండే పరాన్నజీవి దొరికింది. ఐదు రోజుల మాత్రలతో కట్టింది. ముందే ఈ పరీక్ష ఎందుకు చేయించలేదని మా ఆయన అడిగితే, నీళ్ళు మందు వేసే తాగారని సాక్షాత్తూ నర్సు రాసింది కదా, అందుకే అటు చూడలేదు, ఇది చేతుల ద్వారా కూడా వస్తుంది మరి అన్నాడు.

ఆ క్లినిక్కు కాగితం నకలు బేకరీకి వెళ్ళింది. తిండి వస్తువులు ముట్టుకునే చోట అలాంటి జబ్బు చేస్తే కాగితం చూపించాలన్నది నియమం. యజమాని చెడ్డవాడు కాదు. రెండుసార్లు చదివాడు. కారణం అన్న చోట "వ్యక్తిగత శుభ్రత లోపం" అని ఉంది.

"చేత్తో చేసే పని కదమ్మా" అన్నాడు. నా బల్ల దగ్గర అప్పటికే మరో ఆమె నిలబడి ఉంది.

పద్నాలుగేళ్ళు ఆ పిండిలో పెట్టిన చేతులు. ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాను. గిన్నె ముట్టుకుంటే కడుక్కోవడం, తలుపు ముట్టుకుంటే కడుక్కోవడం. వేళ్ళ మధ్య చర్మం పగిలి మండేది. మా ఆయన ఒకరోజు వచ్చి కుళాయి కట్టేసి, తువ్వాలు చేతికిచ్చి వెళ్ళాడు. అక్క ఏదో గుట్ట మీద సిగ్నలు దొరికి ఫోను చేస్తే, పని పోయిందని చెప్పాను, మళ్ళీ ఒకసారి క్షమాపణ అడిగాను. ఒళ్ళు జాగ్రత్త అని పెట్టేసింది.

అక్క రావడానికి వారం ముందు పొడుగాయన మా ఇంటికి వచ్చాడు. ఆయన నడక ముందే పూర్తయింది. ఏదో పనిమీద ఇటు వస్తూ, మాకు తీసిన ఫోటోలు ఇచ్చి పోదామని ఆగాడట. ముందుగదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. నా ఒళ్ళు చూసి ఏమైందని అడిగితే, పరిశుభ్రత లేక తెచ్చుకున్న రోగం అని జరిగింది చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టాడు.

"అదేంటమ్మా. మీరు మరిగించుకునే కదా తాగారు?"

"లేదండీ, చుక్కల మందు."

"చుక్కల సీసా ఏరు దాటేటప్పుడు పోయిందని మీ అక్కగారే చెప్పారు. నా దగ్గర బిళ్ళలు ఇరవై ఉన్నాయి, పది తీసుకోండి అన్నాను. వద్దండీ, మరిగించుకుంటున్నాం అన్నారు."

ఆయనకి ఎక్కడో పొరపాటు మాట్లాడానని అనిపించినట్టుంది, ఫోటోలు ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాడు. ఒకదాంట్లో నేను వాగు పక్కన కూర్చుని సీసా ఎత్తి తాగుతున్నాను. పక్కన అక్క, చేతిలో పొగలు కక్కుతున్న గ్లాసు. ఎంత బాగా వచ్చిందో చూడండి అన్నాడాయన. చాలా బాగుందండీ అన్నాను.

ఆయన వెళ్ళాక ఆ తొమ్మిది రోజులూ వరసగా గుర్తొచ్చాయి. బండ చాటు. మూతలో పసుపు రంగు నేను చూడనేలేదు. తియ్యటి నీళ్ళు. నలుగురు తాగేంత టీ. పది బిళ్ళలు తీసుకుంటే నా సీసాలోనే వెయ్యాలి, వేస్తే ఎందుకని నేను అడుగుతాను. అందుకని వాటిని కూడా వద్దంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టు అని మా అమ్మ ఎవరెవరి గురించో అనేది. సొంత అక్క గురించి అనుకోవలసి వస్తుందని ఆమె కూడా ఊహించి ఉండదు.

మా ఆయనకి చెప్పాను. అప్పటికప్పుడు ఫోను చేసి అడిగేస్తానన్నాడు. వద్దు, తనంతట తను చెప్పాలి, అవకాశమిద్దాం అన్నాను.

అక్క వచ్చింది. నల్లబడి, చిక్కి, పదేళ్ళు చిన్నదైనట్టు ఉంది. వీధిలో వాళ్ళంతా వచ్చి చూసిపోయారు. అందరితోనూ సగం దూరం చెల్లెలు కూడా నడిచిందని చెప్పింది. నాకు పండ్లు తెచ్చేది, నా రిపోర్టులు చదివేది, మాత్రలు వేళకి గుర్తుచేసేది. రెండు వారాలు గడిచాయి. చెప్పలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా పేట గ్రంథాలయంలో అక్క చేత మాట్లాడించారు. దూరపు నడకకి వెళ్ళాలనుకునేవాళ్ళు ముప్పై మంది దాకా వచ్చారు. బూట్లు, గుడారం, తిండి అన్నీ అయ్యాక నీళ్ళ దగ్గరికి వచ్చింది. బల్ల మీద సీసాలు, బిళ్ళల అట్టలు వరసగా పెట్టింది. థైరాయిడ్ ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు అయోడిన్ జోలికి పోవద్దంది. బ్లీచుకి ఏవి లొంగవో, బిళ్ళలకి ఎందుకు నాలుగు గంటలో చెప్పింది. ముందు వరసలో ఒకామె అన్నీ పుస్తకంలో రాసుకుంటోంది. అక్క మూతలో ఏడు చుక్కలు, ఏడు చుక్కలు వేసి అందరికీ చూపించింది. కాసేపటికి పసుప్పచ్చగా తిరిగింది.

ఏమైనా సందేహాలున్నాయా అని అడిగితే నేను లేచి నిలబడ్డాను.

"ఒక సీసా దారిలో పోతే ఏం చెయ్యాలి?"

అక్క నా వంక చూసింది. మూత కింద పెట్టింది.

"నీళ్ళు మరిగించుకోవాలి."

"గ్యాసు ఇద్దరికీ చాలకపోతే?"

"వెనక్కి వెళ్ళి తెచ్చుకోవాలి" అంది. ముందు వరసలో ఆమె అది కూడా రాసుకుంది. నేను కూర్చున్నాను.

ఇద్దరం ఇంటికి నడిచి వస్తూ మలుపు దాకా వచ్చాం. అక్కడ తను ఆగింది. పొడుగాయన వచ్చాడా అని అడిగింది. వచ్చాడన్నాను. అప్పుడు చెప్పుకొచ్చింది. రాయి తగిలి ఒక సీసా మూత పగిలిందట, మందంతా ఏట్లో కలిసిపోయిందట. వెనక్కి రెండు రోజులు, మళ్ళీ అక్కడికి రావడానికి రెండు రోజులు. నాలుగు రోజులు ఊరికే పోతే తన సెలవు చాలదు. ఇరవై ఆరేళ్ళలో తనకోసం తను పెట్టుకున్న సెలవు అదొక్కటే.

"నీకు చెప్తే వెనక్కి వెళ్దామనేదానివి" అంది.

"అనేదాన్ని."

"నీళ్ళు అద్దంలా ఉన్నాయే. ఏం కాదులే అనుకున్నాను."

"మరి నువ్వు టీ ఎందుకు తాగావక్కా?"

సైకిలు మీద ఎవరో తనకి నమస్కారం పెట్టి వెళ్ళారు. తను తల ఊపింది.

"పోనీ, అది కూడా వదిలేస్తాను. భయపడ్డావు అనుకుంటాను. డాక్టరు అడిగినప్పుడు?"

"నర్సుని. ఆయన ముందు, నీ ముందు ఎలా చెప్పను. నోరు రాలేదు."

"నోరు వచ్చింది. చేతులు కడుక్కోమని చెబుతూనే ఉన్నానన్నావు."

అక్క అక్కడే రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని ఏడ్చింది. తను ఏడవడం చిన్నప్పటి నుంచీ నేను చూడలేదు. పక్కన కూర్చోవాలని ఒళ్ళంతా లాగింది. కూర్చోలేదు. నిలబడే ఉన్నాను, తను లేచేదాకా.

ఇంటికి వెళ్ళి మా ఆయన ముందు తనే అంతా చెప్పింది, ఏదీ దాచలేదు. నన్ను క్షమించమంది, ఎన్నిసార్లందో నేను లెక్కపెట్టలేదు. ఆయన విని, బస్సు డిపోకి వెళ్ళిపోయాడు. మర్నాడు ఉదయం నేను మేడ మీదికి వెళ్ళి ఒక తెల్లకాగితం, కలం తన బల్ల మీద పెట్టాను. జరిగింది నాలుగు వాక్యాలు రాసి సంతకం చెయ్యమన్నాను. బేకరీలో చూపిస్తాను, క్లినిక్కుకి కూడా ఒకటి పంపుతాను, అంతకుమించి నాకేం వద్దన్నాను.

తను కలం తీసి పక్కన పెట్టింది.

"నోటితో ఎన్నిసార్లు చెప్పమన్నా చెప్తాను. మీ యజమాని ఇంటికొచ్చి కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. రాసివ్వమనకు. తప్పుడు వివరాలు రాశానని తెలిస్తే నా ఉద్యోగం ఉండదు."

"నాది ఉందా?" అన్నాను.

కాగితం అలాగే వదిలేసి కిందికి వచ్చాను. సాయంత్రానికి అక్క ఆసుపత్రి వాళ్ళ క్వార్టర్సులో గది అడిగింది. వారంలో దొరికింది. మా ఆయన సామాను దింపి వచ్చాడు, ఆయనకి వదినగారంటే ఎప్పుడూ గౌరవమే. తిరిగొచ్చి బల్ల మీద కాగితం ఉంది, చూసుకో అన్నాడు. పైకి పరిగెత్తినట్టే వెళ్ళాను. తెల్లకాగితమే. మడత కూడా పడలేదు.

బేకరీకి ఒకసారి వెళ్ళాను. జబ్బు నీళ్ళ వల్ల వచ్చింది, చేతుల వల్ల కాదు, మా అక్కే ఒప్పుకుంది అని చెప్పాను. యజమాని నన్ను కూర్చోబెట్టి, ఫైలు తీసి, ఆ కాగితం నా వైపు తిప్పాడు. ఇది కూడా మీ అక్క రాసిందే కదమ్మా, దీని మీద సంతకం ఉంది, నువ్వు చెప్పేదాని మీద లేదు అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్నేమో.

వానలు మొదలయ్యాక ఊరి అవతల ఒక పెద్ద హాస్టలు వంటశాలలో పని ఉందని తెలిసి వెళ్ళాను. దరఖాస్తులో ఒక గడి ఉంది, పాత చోట పని ఎందుకు మానేశారని. నిలబడే రాశాను: శుద్ధి చెయ్యని వాగు నీళ్ళు తాగి జబ్బు చేసింది. చేసిన నీళ్ళేనని మా అక్క చెబితే తాగాను.

అక్కడి పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని చదివింది. మీ అక్క ఏం చేస్తారని అడిగింది. నర్సు అన్నాను. ఆవిడ దీనికి ఆధారం ఏమైనా ఉందా అంది.

లేదండీ అన్నాను.

ఆవిడ దరఖాస్తు పక్కన పెట్టి, మూలనున్న కుళాయి చూపించింది. నేను మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, పిండి బస్తా ఎక్కడుందని అడిగాను.